ఆసుపత్రిని నడిపే చదువు: డిగ్రీలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ ఎంచుకునే ముందు

మయూర్ విహార్ (ఢిల్లీ): తూర్పు ఢిల్లీ ప్రాంతంలోని వివేక్ విహార్‌లో 2024 మే 25 రాత్రి ఒక నవజాత శిశువుల ఆసుపత్రిలో చెలరేగిన మంటలు కనీసం ఆరుగురు పసికందులను బలిగొన్నాయి. ఆసుపత్రి లైసెన్సు గడువు అదే ఏడాది మార్చి 31తో ముగిసిందని, అయిదు పడకలకే అనుమతి ఉండగా 12 మంది శిశువులను చేర్చుకున్నారని, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కూడా లేదని పోలీసులు అప్పట్లో వెల్లడించారు. ఈ మూడూ నిర్వహణ లోపాలే.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని మయూర్ విహార్‌లోనూ ఇళ్ల మధ్యనే నర్సింగ్ హోమ్‌లు పనిచేస్తున్నాయి. గడువులు, పడకలు, రికార్డులు, రక్షణ ఏర్పాట్లు గమనిస్తూ ఉండే బాధ్యత ఎవరిది? ఆ బాధ్యతకు విద్యార్థులను సిద్ధం చేసేదే హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ డిగ్రీ. సాధారణంగా ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా ఇందులో చేరవచ్చు. నీట్‌లో సీటు రాని విద్యార్థులు, వారి తల్లిదండ్రులు దీనివైపు చూడటం సహజం. అయితే ఈ చదువు ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో ముందే తెలుసుకోవాలి.

ఏమి నేర్పుతారు?

అకౌంట్లు, మానవ వనరులు, గణాంకాల వంటి మేనేజ్‌మెంట్ పాఠాలకు తోడు ఆసుపత్రికే పరిమితమైన అంశాలు ఉంటాయి. వాటిలో చట్టాలు ముఖ్యమైనవి. ఢిల్లీలో నర్సింగ్ హోమ్‌ల నమోదు 1953 నాటి చట్టం ప్రకారం జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థలకు 2002 నాటి చట్టం ఉంది. జీవవైద్య వ్యర్థాలను రంగుల వారీ సంచుల్లో వేరుచేయాలని 2016 నాటి నియమాలు చెబుతున్నాయి.

బీమా క్లెయిములు మరో పెద్ద భాగం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీతో ‘ఆరోగ్యమిత్ర’ అనే మాట తెలుగువారికి పరిచితమైంది. కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స అందించే ఆయుష్మాన్ భారత్ పథకం 2018 సెప్టెంబరులో ప్రారంభం కాగా, ఢిల్లీ 2025 ఏప్రిల్‌లో అందులో చేరింది. రోగి అర్హత పరిశీలన, చికిత్సకు ముందస్తు అనుమతి, డిశ్చార్జి పత్రాలు, క్లెయిము దాఖలు అనే ఈ వరుసలో ఒక్క కాగితం తప్పినా రోగి బంధువులు కౌంటరు ముందు నిరీక్షించవలసి వస్తుంది.

ఏ డిగ్రీ, ఎవరి పరిధి?

ఒకే సబ్జెక్టు వేర్వేరు పేర్లతో లభిస్తోంది. బీబీఏ రూపంలో ఉంటే అది ఏఐసీటీఈ పరిధిలోకి వస్తుంది. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులను ఆ సంస్థ తన పరిధిలోకి తీసుకుంది. బీవోక్ అయితే యూజీసీ మార్గదర్శకాలు వర్తిస్తాయి. మొదటి ఏడాది తర్వాత డిప్లొమాతో, రెండో ఏడాది తర్వాత అడ్వాన్స్‌డ్ డిప్లొమాతో నిష్క్రమించే వీలు బీవోక్ ప్రత్యేకత. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన మహిళా కళాశాల జీసస్ అండ్ మేరీ కాలేజీ బీవోక్ హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్‌ను అందిస్తోంది.

‘హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్’ వేరే కోర్సు. వైద్య రికార్డులు, కోడింగ్ దాని ప్రధానాంశాలు. ఆ వృత్తి 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో ఉంది.

పరిమితులు ఏమిటి?

ఈ డిగ్రీతో చికిత్స చేసే అర్హత రాదు. పట్టా చేతికి రాగానే ఆసుపత్రి పరిపాలకుడి కుర్చీ కూడా దక్కదు. ఫ్రంట్ ఆఫీసు, బిల్లింగ్, బీమా విభాగం, నాణ్యతా విభాగం వంటి చోట్ల తొలి ఉద్యోగాలు లభిస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లు సాధారణంగా వైద్యులే. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ చేయాలన్నా ఎంబీబీఎస్ తప్పనిసరి. ఇతర పట్టభద్రులకు ముంబయిలోని టిస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో పీజీ కోర్సులు ఉన్నాయి. పై స్థాయి పదవులు ఆశించేవారు పీజీని మొదటి నుంచే లెక్కలో వేసుకోవడం మేలు.

చేరే ముందు అడగవలసినవి

* పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? అవసరమైన అనుమతి ఈ విద్యా సంవత్సరానికి ఉందా?
* ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని వారాలు? లిఖితపూర్వక ఒప్పందం ఉందా?
* ఆ ఆసుపత్రికి ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉందా?
* బోధకుల్లో ఆసుపత్రి నిర్వహణలో పనిచేసినవారు ఎందరు?
* గత బ్యాచ్ విద్యార్థులు ఏ హోదాలో, ఎంత జీతానికి చేరారు?

కళాశాల చెప్పే ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ కంటే ఈ అయిదు జవాబులు ఎక్కువ చెబుతాయి. అత్యవసర ద్వారం తెరిచి ఉందో లేదో, లైసెన్సు గడువు ఎప్పుడో ప్రతిరోజూ చూడవలసిన ఉద్యోగమిది. ఆ పనిని తరగతి గదిలో మాత్రమే నేర్పే కోర్సు విద్యార్థికీ, రేపు అతడి చేతిలో ఉండే ఆసుపత్రికీ చాలదు.