కంప్యూటర్‌లో మిగిలిన తేదీలు

సీరియల్ కిల్లర్ల మనస్తత్వం మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికి చేతికందాలి అన్నారు ఎడిటర్. నాకు మొదట తట్టిన పేరు హెరాల్డ్ షిప్‌మన్. ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్ పక్కనున్న హైడ్ పట్టణంలో ఫ్యామిలీ డాక్టరు. హస్తవాసి మంచిదని పేరు. ముసలివాళ్లు కబురుపెడితే విసుక్కోకుండా ఇంటికెళ్లి చూసేవాడు. అలా వెళ్లిన ఇళ్లలోనే వాళ్లను చంపాడు.

ఇలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ ముందు బాల్యం తవ్వుతారు. 1963లో, షిప్‌మన్‌కు 17 ఏళ్లప్పుడు, తల్లి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. డాక్టరు ఇంటికొచ్చి మార్ఫిన్ ఇస్తే ఆమె నొప్పి తగ్గడం అతను చూశాడు. తర్వాత తన చేతిలోకి తీసుకున్నదీ ఆ జాతి మందే. కథ ఇట్టే అతుక్కుపోతుంది. అందుకే నాకు దాని మీద నమ్మకం లేదు. తల్లి నొప్పిని దగ్గరుండి చూసిన పిల్లలు ఏ ఊళ్లో లేరు? పైగా షిప్‌మన్ చివరిదాకా నేరం ఒప్పుకోలేదు, కారణమూ చెప్పలేదు. అతని లోపల ఏముందో కాస్తయినా తెలియాలంటే అతను రాసిన రాతలే చూడాలి.

వాటిలో పేరుపడ్డది వీలునామా. క్యాథ్లీన్ గ్రండీ హైడ్‌కు ఒకప్పటి మేయర్. 81 ఏళ్లొచ్చినా చలాకీగా తిరిగే మనిషి. 1998 జూన్ 24న ఇంట్లో చనిపోయి కనిపించింది. దాదాపు 3,86,000 పౌండ్ల ఆస్తిని డాక్టరుకే రాసిచ్చినట్టు ఒక వీలునామా బయటికొచ్చింది. టైపు చూస్తే తప్పులతడక. ఆమె కూతురు స్వయానా న్యాయవాది; తల్లి లెక్కలన్నీ చూసేది ఆమే. చదవగానే ఇది మా అమ్మ రాసింది కాదని పోలీసుల దగ్గరికి వెళ్లింది. టైపు చేసిన బ్రదర్ కంపెనీ టైప్‌రైటర్ షిప్‌మన్ దగ్గరే దొరికింది. గ్రండీ గారు అప్పుడప్పుడూ అడిగి తీసుకెళ్లేవారని చెప్పాడు. ఆమెను దహనం చేయలేదు, పాతిపెట్టారు. అందువల్లే శవాన్ని వెలికితీసి పరీక్షించడం కుదిరింది, మార్ఫిన్ బయటపడింది.

ఆస్తికి ఆశపడ్డాడు, దొరికాడు అనుకుని వదిలేస్తే అతను అర్థం కాడు. మిగతా హత్యల్లో చాలావాటిలో అతనికి చిల్లిగవ్వ ముట్టలేదు. నన్ను పట్టుకుని వదలనిది క్లినిక్ కంప్యూటర్.

రోగుల వివరాలు అందులో ఎక్కించేవాడు. వెనకటి తేదీ వేసి రాస్తే సరిపోతుందనుకున్నాడు. ఏ వాక్యం నిజంగా ఏ రోజు, ఏ గంటకు ఎక్కిందో హార్డ్ డిస్క్ విడిగా రాసిపెట్టుకుంటుందని అతనికి తెలియదు. పోలీసు నిపుణులు ఆ లెక్క బయటికి తీశారు. ఒక పెద్దావిడ రికార్డులో 1997 ఆగస్టు తేదీతో గుండెనొప్పి అని ఉంది. అది ఎక్కింది 1998 మే 11 మధ్యాహ్నం. ఆవిడ చనిపోయిందీ ఆ రోజే. ఇంటికి వెళ్లి ప్రాణం తీసి, క్లినిక్‌కు తిరిగొచ్చి, ఆమెకు లేని జబ్బును నెలల వెనక్కి వెళ్లి పుట్టించాడన్నమాట. విచారణలో ఆ గంటా నిమిషం ముందు పెట్టి అడిగితే, అలా ఎక్కించినట్టు గుర్తులేదన్నాడు.

ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే. కోపంలేదు, కంగారులేదు. ఆ సాయంత్రం చూడాల్సిన రోగులు ఇంకా ఉన్నారు. కొన్ని ఇళ్లలో బంధువుల ఎదుట అంబులెన్సుకు ఫోన్ చేసినట్టు నటించి, ఇక అక్కర్లేదంటూ ‘రద్దు’ చేశాడు. టెలిఫోన్ రికార్డుల్లో అసలు ఫోన్ చేసినట్టే లేదు. చావును చూసిపెట్టే పెద్దమనిషి తనే, దానికి కారణం రాసే చెయ్యీ తనదే. అతనికి కావలసింది ఆ అధికారమే అనిపిస్తుంది నాకు, డబ్బు కాదు.

మిగతా చరిత్ర చకచకా: 1946లో నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. లీడ్స్‌లో వైద్యం చదివి 1970లో పట్టా పుచ్చుకున్నాడు. టాడ్‌మార్డెన్‌లో పనిచేస్తూ పెథిడిన్ అనే నొప్పిమందుకు అలవాటుపడి దొంగ ప్రిస్క్రిప్షన్లు రాశాడు, 1976లో జరిమానాతో బయటపడ్డాడు, మరుసటి ఏడే హైడ్‌లో చేరాడు. 1998 సెప్టెంబరులో అరెస్టు. 2000 జనవరి 31న 15 హత్యలకు యావజ్జీవం. 2004 జనవరి 13న వేక్‌ఫీల్డ్ జైల్లో ఉరేసుకున్నాడు.

ముందే అనుమానించిన వాళ్లు

హైడ్‌లో శవపేటికలు సిద్ధంచేసే కుటుంబానికి ముందే తేడా కనిపించింది. షిప్‌మన్ రోగులు ఎక్కువగా మంచం మీద కాదు, కుర్చీలో కూర్చుని, మామూలు బట్టల్లో చనిపోయి ఉండేవారు. ఎదుటి క్లినిక్ డాక్టరు లిండా రేనాల్డ్స్ 1998 మార్చిలోనే అధికారులకు చెప్పింది. పోలీసులు చూసి, ఏమీ లేదని ఏప్రిల్‌లో మూసేశారు. ఆ తర్వాత మరో ముగ్గురు చనిపోయారు, చివరామె గ్రండీ. ఆ ముగ్గురి చావూ ఆపగలిగిందేనని నా అభిప్రాయం.

విచారణ తేల్చింది

ఈ మరణాలపై విచారణ జరిపిన జస్టిస్ జానెట్ స్మిత్ సంఘం 2002లో 215 మందిని చంపాడని నిర్ధారించింది: 171 మంది స్త్రీలు, 44 మంది పురుషులు. మొత్తం సుమారు 250 ఉండొచ్చని తర్వాత అంచనా వేసింది. ఈ కేసు తర్వాత వచ్చిన మార్పుల్లో, డాక్టర్లు తమ అర్హతను ఎప్పటికప్పుడు నిరూపించుకునే రీవాలిడేషన్ 2012 చివర్లో మొదలైంది.  చికిత్స చేసిన డాక్టరు రాసిన మరణకారణాన్ని ఆ రోగితో సంబంధంలేని మరో డాక్టరు సరిచూడాలన్న నియమం మాత్రం ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 సెప్టెంబరులో గానీ చట్టంగా అమల్లోకి రాలేదు.