వాలిన శిఖరం: జోసెఫ్‌సన్ వర్ధకం కథ

కొవ్వూరు, రాజమహేంద్రవరం వంటి ఊళ్లలో డిగ్రీ భౌతికశాస్త్ర విద్యార్థులు చేసే ఎల్‌సీఆర్ ప్రయోగంలో, పౌనఃపున్యాన్ని మారుస్తూ పోతే ఒకచోట ప్రవాహం గరిష్ఠానికి చేరి గ్రాఫు మీద నిటారుగా శిఖరం లేస్తుంది. దీన్నే అనునాదం అంటారు. వోల్టేజిని పెంచితే శిఖరం ఎత్తు పెరుగుతుందే గాని స్థానం కదలదు. ఆ స్థానం కదిలే వలయమే కొన్ని రకాల క్వాంటమ్ కంప్యూటర్లకు ప్రాణాధారమైంది.

అతిశీతల స్థితిలో విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోయే లోహాలను అతివాహకాలంటారు. అలాంటి రెంటి మధ్య అతి పలుచని బంధక పొర ఉన్నా, వోల్టేజి అవసరం లేకుండానే ప్రవాహం దాటగలదని 1962లో 22 ఏళ్ల బ్రయాన్ జోసెఫ్‌సన్ కేంబ్రిడ్జిలో సిద్ధాంతీకరించాడు. జోసెఫ్‌సన్ సంధి అనే ఈ అమరిక తీగచుట్టలా ప్రేరకత్వం చూపుతుంది. అయితే ప్రవాహంతోపాటు ఆ ప్రేరకత్వమూ పెరుగుతుంది గనుక, దానికి కెపాసిటర్ జతచేసి బలంగా నడిపితే శిఖరం తక్కువ పౌనఃపున్యాల వైపు వాలుతుంది, ఇంకా బలం పెంచితే ఒకే పౌనఃపున్యం వద్ద చిన్న డోలనం, పెద్ద డోలనం రెండూ స్థిరంగా నిలవగలుగుతాయి. ఈ అరేఖీయ ధర్మాన్నే 2004లో యేల్ విశ్వవిద్యాలయంలో ఇర్ఫాన్ సిద్దిఖీ, ఆర్. విజయరాఘవన్, మిషెల్ డెవొరె తదితరులు సాధనంగా మలిచారు: వలయాన్ని ఆ రెండు స్థితుల అంచున నిలిపితే, అత్యల్ప సంకేతం కూడా దాన్ని ఒకదాని నుంచి మరొకదానికి దూకిస్తుంది.

అంతకు తక్కువ బలంతో నడిపితే అదే వలయం బలహీన సంకేతాలను పెంచే పరామితీయ వర్ధకం అవుతుంది. ఉయ్యాల మీద నిలబడ్డ పిల్ల ఒక్కో ఊపులో రెండేసిసార్లు గుంజీ తీసి వేగం పుంజుకున్నట్టే, బలమైన పంపు తరంగం సంధి ప్రేరకత్వాన్ని లయబద్ధంగా మారుస్తూ బలహీన సంకేతానికి శక్తినందిస్తుంది. బెల్ ప్రయోగశాలల్లో బెర్నార్డ్ యుర్కే బృందం 1980ల చివరలోనే దీన్ని చేసి చూపినా, గట్టి అవసరం లేక అది చాలాకాలం మరుగునపడింది. క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారపు మూల ప్రమాణమైన క్యూబిట్ స్థితిని తెలిపే సంకేతం కొద్దిపాటి మైక్రోవేవ్ ఫోటాన్లు మాత్రమే కావడంతో, అదనపు రొదను క్వాంటమ్ నియమాలు అనుమతించే కనిష్ఠానికి తగ్గించగల ఈ వర్ధకం మళ్లీ తెరమీదికి వచ్చింది. దాని సాయంతోనే 2011లో విజయరాఘవన్, సిద్దిఖీ, వారి సహచరుడు స్లిక్టర్ బర్క్‌లీలో అతివాహక క్యూబిట్ ఒక స్థితి నుంచి మరొక స్థితికి దూకడాన్ని అది జరుగుతుండగానే గమనించగలిగారు.

విజయరాఘవన్ నేడు ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ (టీఐఎఫ్ఆర్)లో ఈ వలయాల పరిశోధన సాగిస్తున్నారు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లోని అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల యంత్రాన్ని నెలకొల్పుతామని ఐబీఎం, టీసీఎస్ 2025 మేలో ప్రకటించాయి. తెచ్చిన యంత్రాన్ని వాడుకోవడంతో తృప్తిపడకుండా, ఇలాంటి వర్ధకాలను స్వయంగా తయారుచేసే అతిశీతల ప్రయోగశాలలను ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలు ఇప్పుడే నెలకొల్పుకోవాలి.