అరుదైన జబ్బుకు కొత్త మందు: పసిపిల్లల మీద పరీక్ష ఎందుకు?

"ప్రయోగం" అనే మాట వినగానే తల్లిదండ్రులు భయపడడం సహజం. అందుకే పాంపే అనే జబ్బును ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరిస్తున్నాము.

పాంపే అంటే ఏమిటి?
మనం తిన్న ఆహారంలోని చక్కెర కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో నిల్వ ఉంటుంది. దానిని కరిగించే ఒక ఎంజైము ఈ పిల్లల్లో పుట్టుకతోనే లోపిస్తుంది. గ్లైకోజెన్ పేరుకుపోయి గుండె పెద్దదవుతుంది, కండరాలు బలహీనపడతాయి. బిడ్డ మెడ నిలపదు, పాలు తాగడానికి ఆయాసపడుతుంది. వైద్యం లేకపోతే చాలామంది మొదటి పుట్టినరోజు చూడరు.

లోపమున్న జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుండీ అందితేనే ఈ జబ్బు వస్తుంది. ఇది దిష్టి కాదు, తల్లి తప్పు అసలే కాదు. మేనరికాల్లో ఈ అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది.

పరీక్ష ఎలా జరిగింది?
ప్రయోగశాలలో తయారుచేసిన ఎంజైమును 18 మంది పసిపిల్లలకు, ఆరు నెలల వయసు దాటకముందే మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి నరం ద్వారా ఎక్కించారు. పోల్చి చూడడానికి కొందరికి మందు ఆపలేదు. ప్రాణం పోతుందని తెలిసీ ఆపడం న్యాయం కాదు కదా! బదులుగా, మందు లేని కాలంలో ఇదే జబ్బు వచ్చిన 61 మంది పిల్లల పాత కేసు షీట్లు చూశారు. ఏడాదిన్నర వయసుకు వారిలో ఒక్కరే మిగిలారు. మందు తీసుకున్న 18 మందీ బతికి ఉన్నారు. 2006లో అమెరికా ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

అయితే ముగ్గురికి శ్వాసయంత్రం అవసరమైంది. కొందరు నడవలేకపోయారు. ఈ మందు జీవితాంతం ఎక్కించాలి. ఇవి కూడా తెలియాలంటే పరీక్ష చేయక తప్పదు.

మీ హక్కులు
మన దేశంలో 2019 నియమాల ప్రకారం ఇలాంటి పరీక్షకు ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నా మామూలు వైద్యం ఆగదు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. తెలుగులో మీకు పూర్తిగా అర్థమయ్యే వరకు సంతకం పెట్టకండి.

ఎక్కడికి వెళ్ళాలి?
హైదరాబాదులోని నిమ్స్ అరుదైన జబ్బుల కేంద్రాల్లో ఒకటి. 2021 జాతీయ విధానం కింద ఇచ్చే సహాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు.

మీ ఇంట్లో పసిబిడ్డ కారణం తెలియకుండా చనిపోయి ఉంటే, మళ్ళీ గర్భం రాకముందే డాక్టరుకు చెప్పండి. పాత కాగితాలు పారవేయకండి. బిడ్డ మెత్తబడి, పాలు తాగలేకపోతే "తర్వాత అదే సర్దుకుంటుంది" అని ఆగకండి. పెద్దపల్లి నుండి హైదరాబాదు దూరమే, కాని ఈ జబ్బులో ప్రతి వారమూ విలువైనదే.