ప్రెషర్ వాషర్‌లో అరిగిన భాగాలు: గుర్తింపు, మార్పిడి

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు
• ప్రెషర్ వాషర్‌లో పీడనం ఎందుకు తగ్గుతుందో వివరించగలుగుతారు.
• యంత్రాన్ని విప్పకముందే అరిగిన భాగాన్ని అంచనా వేయగలుగుతారు.
• దాన్ని ప్రమాదం లేకుండా మార్చుకోగలుగుతారు.

1. పరిచయం
డొంకూరు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ ఒక ఇంట్లో పడవనూ, మోటారు సైకిలునూ కడగడానికి చిన్న ప్రెషర్ వాషర్ కొన్నారనుకోండి. కొన్నాళ్లకు ధారలో బలం తగ్గింది. ఇటువంటప్పుడు చాలామంది పంపు పాడైందనుకొని కొత్త యంత్రం కొనడానికి సిద్ధపడతారు. కాని లోపం తరచు చవకగా దొరికే ఒక చిన్న భాగంలోనే ఉంటుంది. ఆ భాగాన్ని గుర్తించడం ఎంత ముఖ్యమో, అది అరగడానికి కారణాన్ని తొలగించడమూ అంతే ముఖ్యం.

2. అరుగుదలకు కారణాలు
పంపులోని పిస్టన్లు నిమిషానికి దాదాపు ఒకే పరిమాణంలో నీటిని నెడతాయి. ఆ నీరు నాజిల్ సన్నని రంధ్రం గుండా పోవలసి రావడం వల్ల పీడనం పుడుతుంది. పిస్టన్ల చుట్టూ ఉండే సీళ్లు నీరు కారకుండా ఆపుతాయి. వాల్వులు నీటిని వెనక్కి పోనివ్వవు.

ఇసుక నేలల్లోని బోరు నీటితో సన్నని ఇసుక రావచ్చు. అది నాజిల్‌నూ సీళ్లనూ ఒరుస్తుంది. ఉప్పునీరు లోపల ఆరిపోతే మిగిలిన ఉప్పు పలుకులు కూడా సీళ్లను గీస్తాయి.

నీటి పరిమాణం మారనప్పుడు, పీడనం నాజిల్ వ్యాసపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. రంధ్రపు వ్యాసం 10 శాతం పెరిగితే 100 బార్ పీడనం సుమారు 68 బార్లకు పడిపోతుంది. కంటికి ఆనని అరుగుదల ధారలో మూడో వంతు బలాన్ని తీసివేస్తుందన్నమాట.

3. లోపాన్ని గుర్తించడం
ముందుగా నీళ్లు వచ్చే చోట ఉన్న ఫిల్టర్‌ను కడగండి. కుళాయి ధార చాలినంత ఉందో లేదో చూడండి. తరవాత నాజిల్ ఉంచే, ఒక డ్రమ్ములోకి సరిగ్గా ఒక నిమిషం నీరు వదిలి కొలవండి. యంత్రంపై నిమిషానికి 6 లీటర్లని రాసి ఉందనుకుందాం.
• 6 లీటర్లూ వచ్చి, ధార బలహీనంగా ఉంటే నాజిల్ అరిగింది.
• 4 లీటర్లే వస్తే వాల్వులనో సీళ్లనో అనుమానించాలి.
• ధార ఆగి ఆగి కొడుతుంటే వాల్వులో చెత్త చేరి ఉండవచ్చు, లేదా గాలి చొరబడుతూ ఉండవచ్చు.
• పంపు అడుగున నీరు కారితే సీళ్లు అరిగి ఉండవచ్చు.
• పైపు అతుకు దగ్గర కారితే ఓ-రింగ్ మార్చాలి.

4. మార్చే క్రమం
(అ) స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, కుళాయి కట్టండి. ఆ తరవాత ట్రిగ్గర్ నొక్కి, పైపులో మిగిలిన పీడనాన్ని వదిలేయండి. మోటారు ఆగినా పైపులో పీడనం నిలిచి ఉంటుంది. 100 బార్లంటే చదరపు సెంటీమీటరుపై సుమారు 100 కిలోల బరువు.
(ఆ) విప్పే ప్రతి దశనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి.
(ఇ) పాత భాగాన్నీ, యంత్రం మోడల్ నంబరునూ దుకాణానికి తీసుకువెళ్లండి. సీళ్లను ఒక్కొక్కటిగా కాక మొత్తం సెట్టుగా మార్చడం మేలు.
(ఈ) పిస్టన్‌పై గీతలుంటే కొత్త సీలు కూడా నిలవదు. అప్పుడు పిస్టన్‌నూ మార్చాలి.
(ఉ) రబ్బరు భాగాలకు సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం గ్రీజు తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది.
(ఊ) బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. మొదట నాజిల్ లేకుండా నీటిని పోనిచ్చి, లోపలి గాలిని బయటికి పంపండి.

మోటారు, వైరింగు పనిని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

హెచ్చరిక: ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం పైకి సూదిపోటులా కనిపించినా, లోపలి కండరాలు దెబ్బతిని ఉండవచ్చు. నొప్పి లేదని ఆగకుండా, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. ఇచ్ఛాపురం ప్రాంతం వారికి బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి అటువంటిది.

5. సారాంశం
ముందు కొలవాలి, తరవాతే విప్పాలి. భాగం మార్చాక బోరు నీటికి మంచి ఫిల్టర్ అమర్చండి. సముద్రపు నీటిని యంత్రానికి పెట్టకండి. పని ముగిశాక రెండు నిమిషాలు మంచినీటిని పోనిచ్చి, నీడలో ఉంచండి. ఈ జాగ్రత్తలు లేకపోతే కొత్త సీలు కూడా పాతదాని దారే పడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. నాజిల్ వ్యాసం 5 శాతం పెరిగితే 100 బార్ పీడనం ఎంతకు తగ్గుతుంది?
2. ప్లగ్ తీశాక కూడా ట్రిగ్గర్ ఎందుకు నొక్కాలి?