నడిసముద్రంలో కిరాయి ఓడ

జైనూర్‌లో పెట్రోల్ బంకుకు డీజిల్ లారీ వచ్చినప్పుడు కాసేపు నిలబడి చూడండి. ముందు చక్రాలకు అడ్డం పెడతారు. ఎర్త్ వైరు తగిలిస్తారు. డిప్ రాడ్ ముంచి మట్టం కొలుస్తారు. ఆ తర్వాతే గొట్టం బిగించి వాల్వు తిప్పుతారు. లారీ కదలదు, భూమిలోని ట్యాంకు కదలదు. అయినా ఇంత జాగ్రత్త. ఇప్పుడు ఆ లారీ, ఆ బంకు రెండూ పక్కపక్కనే పరుగెడుతున్నాయని, కింద నేలకు బదులు అలలున్నాయని ఊహించండి. యుద్ధనౌకకు నడిసముద్రంలో ఇంధనం పోయడమంటే అదే. చరిత్రలో ఆ ఇంధనాన్ని మోసుకెళ్లినవి చాలాసార్లు వ్యాపారుల దగ్గర కిరాయికి తీసుకున్న ఓడలే.

కిరాయి లెక్క మన రైతుకు కొత్త కాదు. ఏడాదిలో కొన్నాళ్ల దుక్కికి లక్షలు పోసి ట్రాక్టరు కొనడం ఎందుకని కిరాయికి మాట్లాడుకుంటాడు. నావికాదళాలదీ అదే ఆలోచన. శాంతికాలంలో కొద్ది ఓడలు చాలు. యుద్ధమొస్తే ఎన్నో రెట్లు కావాలి. అయితే వాన పడ్డ రోజున ఊరందరికీ ట్రాక్టరు కావాలి. ముందే మాట్లాడి పెట్టుకున్నవాడికే అది దొరుకుతుంది. కిరాయి ఓడ కథంతా ఈ ముందస్తు ఒప్పందం చుట్టూనే తిరుగుతుంది.

కథ బొగ్గుతో మొదలైంది. 1904లో రష్యా తన బాల్టిక్ నౌకాదళాన్ని జపాన్ మీదికి పంపింది. దాదాపు 33 వేల కిలోమీటర్ల దారి. దారిలో సొంత రేవులు లేవు. జర్మనీకి చెందిన హాంబర్గ్-అమెరికా కంపెనీ ఓడలు బొగ్గు మోసుకెళ్లి అందించాయి. ఎండలో, దుమ్ములో నావికులు బస్తాలకు బస్తాలు ఎత్తిపోసుకున్నారు. పదేళ్ల తర్వాత అదే కంపెనీ ఓడ ‘మార్కోమానియా’ మన బంగాళాఖాతానికే వచ్చింది, ‘ఎండెన్’ అనే జర్మన్ యుద్ధనౌక వెంట బొగ్గు మోస్తూ. కోస్తా, రాయలసీమలకు అప్పటి రాజధాని మద్రాసు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ ఆ రేవు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది. మరుసటి నెలలో బ్రిటిష్ నౌక యార్మౌత్ మార్కోమానియాను పట్టుకుని ముంచేసింది. వేటగాణ్ణి ఆపాలంటే అతని సద్దిమూటను లాక్కోవాలన్న సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

బొగ్గు పోయి నూనె వచ్చాక పని తీరే మారింది. నూనె గొట్టంలో పారుతుంది. 1917లో అమెరికా సొంత తైలనౌక ‘మౌమీ’ అట్లాంటిక్ నడుమ, సాగిపోతూనే డిస్ట్రాయర్లకు నూనె అందించింది. ఆ ఏర్పాటును రూపొందించినవారిలో ఒకరు, తర్వాత పసిఫిక్ యుద్ధంలో అమెరికా నౌకాదళాన్ని నడిపించిన చెస్టర్ నిమిట్జ్.

ఇలా సాగుతూనే ఇంధనం అందించడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిదానిలో ట్యాంకరు తన తోక నుంచి పొడవాటి గొట్టాన్ని నీళ్లలోకి వదులుతుంది. వెనక వచ్చే నౌక దాన్ని అందుకుంటుంది. వేగం తక్కువే కానీ మామూలు వ్యాపార ట్యాంకరుకు ఈ అమరిక సులువు. రెండోదానిలో రెండు నౌకలూ కొన్ని పదుల మీటర్ల ఎడంతో పక్కపక్కన సాగుతాయి. నడుమ బిగించిన ఉక్కుతాడుకు గొట్టం వేలాడుతుంది. అలకు ఓడలు ఊగినా, ఎడం పెరిగి తరిగినా ఆ తాడు తెగకూడదు, జారకూడదు. అందుకని తాడు చుట్టే యంత్రం ‘విన్చి’ దాన్ని క్షణక్షణం వదులుతూ, లాగుతూ ఉంటుంది. ఇంకో చిక్కుంది. రెండు ఓడల మధ్య ఇరుకులో నీరు వేగం అందుకుంటుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. దాంతో ఓడలు ఒకదానివైపు ఒకటి లాగబడతాయి. చుక్కాని పట్టినవాడు రెప్ప వాల్చకూడదు.

కాబట్టి కిరాయి ట్యాంకరు దొరికితే సరిపోదు. నాగలి తగిలించే కొక్కెం లేని ట్రాక్టరు దుక్కికి పనికిరానట్టే, విన్చి, తాడు, గొట్టం, నేర్చిన మనుషులు లేని ట్యాంకరు నౌకాదళానికి పనికిరాదు. అమెరికా ఇది ముందే గ్రహించింది. 1938లో ఒక చమురు కంపెనీ కోసం 12 ట్యాంకర్లు కడుతుంటే, వాటి వేగం గంటకు 33 కిలోమీటర్లకు పెరిగేలా పెద్ద ఇంజన్లకయ్యే అదనపు ఖర్చును ప్రభుత్వమే భరించింది. యుద్ధం ముంచుకొచ్చాక వాటిలో కొన్ని పసిఫిక్‌లో నౌకాదళానికి ఇంధనం అందించాయి.

1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన యుద్ధం కిరాయి ఓడకు పెద్ద పరీక్ష. బ్రిటన్ నుంచి ఆ దీవులకు దాదాపు 13 వేల కిలోమీటర్లు. నలభైకి పైగా వ్యాపార నౌకలను ప్రభుత్వం తీసుకుంది. వాటిలో బ్రిటిష్ పెట్రోలియం వారి ట్యాంకర్లు ‘బ్రిటిష్ ఎస్క్’, ‘బ్రిటిష్ టే’, ‘బ్రిటిష్ వై’ వంటివి ఉన్నాయి. క్షిపణి దెబ్బ తిన్న యుద్ధనౌక షెఫీల్డ్‌లో ప్రాణాలతో బయటపడ్డవారిని వెనక్కి చేర్చింది బ్రిటిష్ ఎస్కే. మే 29న అర్జెంటీనా సరుకు విమానమొకటి బ్రిటిష్ వై మీద బాంబులు జారవిడిచింది. ఒకటి ముందు డెక్కుకు తగిలి, పేలకుండా ఎగిరి సముద్రంలో పడింది. ఆ ఓడలో ఉన్నది యుద్ధానికని ఉద్యోగంలో చేరినవారు కాదు, రోజూ నూనె మోసే మామూలు నావికులు.

నేడు అమెరికా కిరాయి ట్యాంకర్లు నడిసముద్రంలోనే నౌకాదళపు తైలనౌకలను నింపుతున్నాయి. దాంతో ఆ తైలనౌకలకు రేవుకు తిరిగొచ్చే రోజులు మిగులుతున్నాయి. 2021 నాటి చట్టంతో పది ట్యాంకర్లకు, ఒక్కోదానికి ఏటా 60 లక్షల డాలర్ల వరకు ఇచ్చే పథకం పెట్టారు. అది బయానా లాంటిది, అదను మీద ఓడ రావాలని. ఆ పథకంలోని ‘స్టెనా ఇమాక్యులేట్’ను 2025 మార్చి 10న ఉత్తర సముద్రంలో ఒక కంటైనర్ ఓడ ఢీకొట్టింది. విమాన ఇంధనంతో లంగరు వేసి ఉన్న ట్యాంకరు మంటల్లో చిక్కుకుంది.

మన తూర్పు నౌకాదళానికి ఇల్లు విశాఖపట్నం. 1996లో మన నౌకాదళంలో చేరిన తైలనౌక ‘జ్యోతి’ మొదట వ్యాపార ట్యాంకరుగా రూపుదిద్దుకున్న ఓడే. 2011లో ఇటలీ నుంచి వచ్చిన తైలనౌక ‘శక్తి’ గంటకు 1,500 టన్నుల ఇంధనం పోయగలదు. 20 వేల లీటర్ల లారీ దానికి నిమిషం పని కూడా కాదు. 2023 ఆగస్టులో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు సుమారు 19 వేల కోట్ల రూపాయలతో ఐదు సహాయక నౌకల కాంట్రాక్టు దక్కింది. ఒక్కోటి 44 వేల టన్నులు. సొంత ఓడలు ఉండాలి, నిజమే. కానీ ఐదు ఓడలతో హిందూ మహాసముద్రమంతా నడవదు. మన వ్యాపార ట్యాంకర్లకు విన్చులకు చోటు, వాటి నావికులకు శిక్షణ, వారి కుటుంబాలకు భరోసా ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. దప్పికయ్యాక బావి తవ్వితే నీళ్లు అందవు. జైనూర్ రైతు మృగశిర రాకముందే ట్రాక్టరుకు బయానా ఇచ్చి ఉంటాడు.