డీఎన్ఏకి ‘స్టాచ్యూ’ చెబితే..!

చిన్నప్పుడు ‘స్టాచ్యూ’ ఆట ఆడే ఉంటారుగా? ఆ మాట వినగానే ఎక్కడివాళ్లు అక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. సైంటిస్టులు అదే ఆట మన డీఎన్ఏతో ఆడుతున్నారు.

ఎందుకంటారా? మన ఒక్కో కణంలో ఉన్న డీఎన్ఏని విప్పి వరసగా పరిస్తే దాదాపు 2 మీటర్లు. అదంతా మిల్లీమీటర్‌లో సుమారు వందో వంతు ఉండే కేంద్రకంలో సర్దుకుంటుంది. ఏదో కుక్కేసినట్టు కాదు, ఓ పద్ధతి ప్రకారం మడతలు పడి. ఆ మడతలతో చాలా పనుంది. చేతికి వేళ్లు సరిగ్గా రావాలంటే ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ అనే జన్యువు (అవును, వీడియోగేమ్ పేరే!) ఆన్ కావాలి. దాని స్విచ్ ఏమో 10 లక్షల అక్షరాల అవతల ఉంది. మడత పడితేనే ఆ రెండూ దగ్గరవుతాయి.

ఈ మడతల్ని మైక్రోస్కోపులో పూర్తిగా చూడటం కష్టం. అందుకే యోబ్ డెక్కర్ అనే శాస్త్రవేత్త 2002లో ఓ కిటుకు కనిపెట్టారు. ఎవరి పక్కన ఎవరున్నారో డీఎన్ఏతోనే చెప్పించడం! దాన్నే 2009లో ఎరెజ్ లీబర్‌మన్ ఐడెన్ తదితరులతో కలిసి మొత్తం జీనోమ్‌కి విస్తరించారు. పేరు ‘హై-సీ’.

కాలేజీ ల్యాబ్‌లో కప్పల్ని దాచే ఫార్మలిన్ గుర్తుందా? అందులోని ఫార్మాల్డిహైడే ఇక్కడ స్టాచ్యూ చెప్పేది. అది పడగానే పక్కపక్కనున్న డీఎన్ఏ పోగులు ప్రొటీన్లతో సహా అతుక్కుపోతాయి. తర్వాత కత్తెర లాంటి ఎంజైముతో ముక్కలు చేస్తారు. తెగిన కొసలకు బయోటిన్‌ని (జుట్టు కోసం మాత్రలు మింగుతారే, అదే) గుర్తుగా తగిలించి, జిగురు లాంటి మరో ఎంజైముతో పక్కపక్క కొసల్ని కలిపేస్తారు. బయోటిన్ ఉన్న ముక్కల్ని ఏరి సీక్వెన్సింగ్ మెషీన్‌లో చదువుతారు. ఓ ముక్కలో సగం ఒకచోటిది, మిగతా సగం ఎక్కడో లక్షల అక్షరాల అవతలిది అని తేలితే... కణంలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నట్టు లెక్క. ఒక్క జంటతో ఏమీ తేలదు, అది యాదృచ్ఛికం కావచ్చు. కోట్ల జంటల్ని లెక్కేస్తేనే మ్యాప్ వస్తుంది.

ఆ మ్యాపుల్లో జీనోమ్ గదులు గదులుగా కనిపించింది. ఓ గదిలోని స్విచ్‌లు ఎక్కువగా ఆ గదిలోని జన్యువులకే పనిచేస్తాయి. మరి గోడ కూలితే? కొన్ని కుటుంబాల్లో పిల్లలు వేళ్ల లోపాలతో పుడుతుంటే, 2015లో బెర్లిన్‌లోని మాక్స్‌ప్లాంక్ పరిశోధకులు కారణం వెతికారు. జన్యువులు బాగానే ఉన్నాయి, వాటి మధ్య గోడే చెదిరింది! పక్క గది స్విచ్ వచ్చి తనది కాని జన్యువుని ఆన్ చేస్తోంది. ఎలుకల్లోనూ అలాంటి మార్పే చేసి చూస్తే, వాటి వేళ్లూ అలాగే దెబ్బతిన్నాయి. జన్యువుల్లోని అక్షరాలు మాత్రమే చదివే టెస్టుకి ఇది దొరకదు. ఏళ్ల తరబడి ‘కారణం తెలీదు’ అనే మాట వింటున్న తల్లిదండ్రులకు ఇదెంత పెద్ద సంగతో ఊహించండి.

2024లో ఇంకో వింత. సైబీరియా మంచులో దొరికిన 52,000 ఏళ్ల నాటి మ్యామత్ చర్మంలోనూ ఈ మడతలు చెక్కుచెదరలేదట! చలికి ఎండిపోయి, లోపలి అణువులు గాజులా బిగుసుకుపోవడమే కారణం. మ్యామత్‌ని మళ్లీ పుట్టిస్తారా అన్న హడావుడి కన్నా నాకైతే వాళ్లు చేసిన పరీక్షే నచ్చింది. తెలంగాణలో తునకలు అంటారే, అలాంటి ఎండు మాంసాన్ని తీసుకుని కారుతో తొక్కించారు, బేస్‌బాల్ ఆటగాడితో బంతి వేయించి కొట్టించారు, చివరికి తుపాకీతో కాల్చారు. మాంసం తునాతునకలైంది. మడతలు మాత్రం అలాగే ఉన్నాయి.