సాంచాలతోపాటు మనిషినీ కనిపెట్టుకోవాలి

సిరిసిల్ల: సాంచాపై పోగు తెగితే యజమాని వెంటనే కనిపెడతాడు. దాన్ని నడిపే మనిషి నిద్రలేక తూలుతున్నా గమనించేవారు తక్కువ. మరమగ్గాలకు పేరొందిన సిరిసిల్లలో పనిలేక, అప్పుల బాధతో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న సంఘటనలు అనేకం. ప్రభుత్వం చేయవలసింది ఎంతో ఉంది. అయితే యజమానులు, ఆసాములు తమ షెడ్డులో పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిందీ ఉంది.

బెంగకు మూలం

ఇక్కడ కూలి నేసిన గుడ్డను బట్టి ముడుతుంది. నూలు రాకపోయినా, కరెంటు పోయినా కూలి పోయేది కార్మికుడికే. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరలు పని కల్పించాయి. 2024లో ఆర్డర్లు కొరవడి అనేక సాంచాలు ఆగాయి. రేపు పని ఉందో లేదో తెలియనివాడికి కునుకు పట్టదు. దానికితోడు 12 గంటల షిఫ్టు, చెవులు దిబ్బెళ్లు పడే చప్పుడు. ఈ అలసటే చిరాకుగా, మతిమరుపుగా, కొందరిలో తాగుడుగా బయటపడుతుంది.

యజమానులు చేయగలిగింది

కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. కార్మికుడికి ధైర్యం చెప్పి ఊరుకుంటే చాలదు. పని తీరునూ సరిదిద్దాలి.

నూలు ఎన్నాళ్లకు సరిపోతుందో, ఆర్డరు ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పాలి. పని తగ్గితే ఒకరిద్దరిని మానిపించే బదులు ఉన్నదాన్ని అందరికీ పంచడం మేలు.

వరుసగా రెండు షిఫ్టులు చేయించరాదు. రాత్రి షిఫ్టు నుంచి పగటికి మార్చేటప్పుడు ఒకరోజు సెలవివ్వాలి. చట్టం వర్తించే కార్ఖానాల్లో వారానికి 48 గంటలు మించిన పనికి రెట్టింపు కూలి ఇవ్వవలసి ఉంటుంది.

గుడ్డలో తప్పు పడితే నలుగురిలో తిట్టకుండా పక్కకు పిలిచి చూపాలి. కోత ఎంతో, ఎందుకో లెక్క చెప్పాలి.

వైపని చేసే స్త్రీలకు వేధింపుల భయం ఉండరాదు. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. అంతకన్నా తక్కువ మంది ఉంటే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఉపేక్షించరాదు

కలుపుగోలు మనిషి మౌనం దాల్చినా, తరచు పని మానినా, "నేనుండి ఏం లాభం" అన్నా తేలికగా తీసుకోరాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ మనిషిని ఒంటరిగా వదలక, ఇంటివారికి తెలిపి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

వైద్యం చేయించుకున్నవాణ్ని పనిలోంచి తీసేస్తే మిగతావారు తమ బాధ దాచుకుంటారు. కోలుకుని వచ్చినవారికి మొదట తేలిక పని ఇచ్చి నిలుపుకోవాలి. అప్పుల భారం ఆసాములకూ తప్పదు కనుక ఈ నంబరు వారికీ అవసరమే. దాన్ని షెడ్డు గోడపై పెద్ద అక్షరాలతో రాయిస్తే అందరికీ మేలు.